తీర్పుకు ముందు కొండ ఎక్కాలి



చింతపడవద్దని ప్రభువు వారు చెప్పిన మాటలు మనకు కంఠతా వచ్చు. మత్తయి సువార్త 6వ అధ్యాయములో ఆయన ఆకాశపక్షులను చూపించారు. లూకా సువార్త 12వ అధ్యాయములో మాత్రం ఒక పక్షి పేరే పెట్టి చెప్పారు, మన తెలుగు బైబిలులో ఆ పేరు కాకి. ఏలీయా దగ్గరకు ఉదయము, సాయంత్రము రొట్టె, మాంసము మోసిన పక్షులను మన అనువాదకులు కాకోలములు అన్నారు. రెండు చోట్లా మూలభాషల్లో ఉన్నది ఇంగ్లీషులో రేవెన్ అని పిలిచే పెద్ద నల్లని పక్షి. లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారం అది అపవిత్రమైన పక్షుల పట్టికలో ఉంది. అలాంటి పక్షిని తీసుకొని ప్రభువు వారు దానిని గమనించమన్నారు. అక్కడి గ్రీకు మాటకు కంటికొసతో చూసి వెళ్లిపోవడం అని కాదు, మనసు పెట్టి చూడడం అని అర్థం.

మనము సాధారణంగా ఆ వాక్యములోని ఆదరణ తీసుకుంటాము, అందులోని పనిని వదిలేస్తాము. దేవుడు పోషిస్తాడన్నది ఆదరణ. చూడమన్నది పని. ఆ పనిని అక్షరాలా చేస్తున్న మనుషులు లోకంలో ఉన్నారు. వాళ్లలో అందరూ విశ్వాసులు కారు. అయినా వాళ్ల దగ్గర సంఘము నేర్చుకోవలసిన పాఠము ఒకటి ఉందని మేము నమ్ముతున్నాము. అందుకే ఈసారి వాళ్ల గురించి రాస్తున్నాము.

ముందుగా ఆ పక్షి సంగతి. మన తెలుగు రాష్ట్రాలలో కాకోలము లేదు. మన పెరట్లో కనబడే మామూలు కాకి, పొలాల దగ్గర తిరిగే బొంతకాకి దానికి దగ్గరి చుట్టాలు మాత్రమే. మన దేశంలో దానిని చూడాలంటే హిమాలయాల ఎత్తు మీదికో, రాజస్థాన్ వైపు ఎండు నేలలకో పోవాలి. రెక్కలు విప్పితే నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది. గొంతు లోతుగా, బొంగురుగా ఉంటుంది. గూడు కట్టే రోజుల్లో ఆకాశంలో ఎగురుతూ ఎగురుతూ వెల్లకిలా తిరిగి మళ్లీ సర్దుకుంటుంది.

బ్రిటన్ కొండ ప్రాంతాల్లో, అంటే స్కాట్లాండ్, వేల్స్, ఇంగ్లాండు ఉత్తరాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ లాంటి చోట్ల, ఈ పక్షి నిటారు రాతి గోడల మీద గూడు పెడుతుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో రేవెన్ క్రాగ్, అంటే కాకోలపు బండ, అనే పేరున్న చోట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. తరతరాలుగా అక్కడ గూడు ఉందని ఆ పేర్లే సాక్ష్యం. అక్కడి కొండ మీద ఇంకా మంచు ఉండగానే, ఫిబ్రవరిలోనే, ఈ జత పుల్లలు మోసి గూడు సరిచేసుకుంటుంది. లోపల గొర్రె ఉన్ని పరుస్తుంది. ఫిబ్రవరి ఆఖరున గానీ మార్చి మొదట్లో గానీ నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. తల్లి మూడు వారాలు పొదుగుతుంది, తండ్రి ఆహారం తెచ్చి తల్లికి ఇస్తాడు. పిల్లలు ఇంకో ఆరు వారాలు గూటిలో ఉండి, ఏప్రిల్ ఆఖరుకో మే నెలకో ఎగిరిపోతాయి. అంత చలిలో ఎందుకు మొదలుపెడుతుందంటే, చలికాలం చివర కొండ మీద చచ్చిన గొర్రెలు దొరుకుతాయి. తరువాత గొర్రెలు ఈనే కాలం వస్తుంది. పిల్లల ఆకలి పెరిగే వేళకు ఆహారము సిద్ధంగా ఉంటుంది.

ఈ గూళ్లను ఏటేటా చూసి రాసిపెట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్లే. ఒక్కసారి పోయి వస్తే సరిపోదు. మొదట ఫిబ్రవరి, మార్చిలలో వెళ్లి జత ఉందా, గూటిలో కొత్త ఉన్ని పడిందా చూడాలి. తరువాత తల్లి పొదుగుతోందా చూడాలి. దూరం నుంచి చూస్తే గూటి అంచు మీద తోక మాత్రమే కనబడుతుంది. ఏప్రిల్‌లో పిల్లల తలలు లెక్కపెట్టాలి. గూటి కింద రాతి మీద తెల్లగా పడిన రెట్ట చూసినా లోపల పిల్లలున్నట్టు తెలుస్తుంది. చివరికి ఎన్ని ఎగిరాయో చూడాలి. స్కాట్లాండులో 2002 నుంచి వేటపక్షుల గూళ్ల లెక్కలను ఒక్కచోట చేర్చే పథకం నడుస్తోంది. కాకోలము వేటపక్షి కాకపోయినా, అదే కొండల్లో అదే తీరున గూడు పెడుతుంది గనుక దానిని కూడా అందులో చేర్చుకున్నారు.

ఇంత కష్టం ఒక కాకి కోసమా అని అడగవచ్చు. చూడకుండా మాట్లాడితే ఏం జరుగుతుందో ఈ పక్షి కథ అంతా చెబుతుంది. అందులో మూడు సంగతులు మీ ముందు పెడతాము.

మొదటిది భక్తిపరుల సంగతి. యోబు గ్రంథము 38వ అధ్యాయములోను, 147వ కీర్తనలోను, ఆకలితో అరిచే కాకి పిల్లలకు దేవుడే ఆహారమిస్తాడని ఉంది. అది ఎంతో చక్కని మాట. అయితే పాతకాలపు పండితులు దానికి ఒక కథ తగిలించారు. ఏడవ శతాబ్దపు బిషప్పు, సెవిల్ నగరపు ఇసిడోరు, తన పెద్ద గ్రంథములో ఆ కథ రాశారు. కాకోలపు పిల్లకు నల్లని ఈకలు వచ్చేదాకా తల్లిదండ్రులు దానిని తమదని గుర్తించవట, అంతవరకు మేత పెట్టవట. ఆ కథ మధ్యయుగాల పుస్తకాలలో వందల ఏళ్లు తిరిగింది, దాని మీద ప్రసంగాలూ నడిచాయి. గూటిని చూసినవాళ్లకు కనబడింది దానికి పూర్తిగా విరుద్ధం. ఈకలు లేని పిల్లలకు ఇద్దరూ మేత మోస్తారు, తల్లి వాటిని చలి తగలకుండా కప్పుకొని కూర్చుంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అని మన ఊళ్లలో చదువురాని అమ్మమ్మలు కూడా చెబుతారు. వాళ్లు గ్రంథాలు చదవలేదు, చెట్టు మీద గూటిని చూశారు. దేవుని పోషణను గొప్ప చేయడానికి ఒక తల్లిని కఠినాత్మురాలిగా చూపనక్కరలేదు. ఆ తల్లి ముక్కు ద్వారానే దేవుడు పోషిస్తున్నాడు.

రెండవది సంఘ పెద్దల సంగతి. 1566లో ఇంగ్లాండులో ఒక చట్టం వచ్చింది. పంటకు, మందకు కీడు చేస్తాయనుకున్న పక్షులను, జంతువులను చంపి తలలు తెస్తే ఊరి చర్చి పెద్దలే డబ్బు చెల్లించాలి. లేక్ డిస్ట్రిక్ట్ చర్చీల పాత లెక్కల పుస్తకాలలో కాకోలముల తలలకు ఇచ్చిన పైసలు కూడా రాసి ఉన్నాయి. ఒకవైపు ఆ పక్షిని చూపించి దేవుని పోషణ గురించి వాక్యము చదివారు, మరోవైపు అదే చర్చి పెట్టెలోంచి దాని తలకు వెల కట్టారు. ఆ తరువాత వేటకాళ్ల తుపాకులు తోడయ్యాయి. పంతొమ్మిదవ శతాబ్దం ముగిసేసరికి దేశంలో చాలా భాగం నుంచి కాకోలము తుడిచిపెట్టుకుపోయి, పడమటి, ఉత్తరపు కొండల్లోనే మిగిలింది. ఇరవయ్యవ శతాబ్దంలో మెల్లగా మళ్లీ పెరిగింది.

మూడవది అధికారుల సంగతి. ఇందులో కాకోలము పొరుగుది ముందు వస్తుంది. అదే రాతి గోడల మీద పెరిగ్రిన్ డేగ కూడా గూడు పెడుతుంది. 1960 ప్రాంతంలో పందెం పావురాలు పెంచేవాళ్లు ప్రభుత్వానికి మొర పెట్టారు. డేగలు విపరీతంగా పెరిగాయి, మా పావురాలను తినేస్తున్నాయి, వాటికున్న రక్షణ తీసేయండి అన్నారు. ప్రభుత్వము వెంటనే ఒప్పుకోలేదు, ముందు లెక్క చూద్దామంది. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆధ్వర్యంలో 1961, 1962లలో పాత గూళ్లన్నిటినీ వెతికారు. పెరగడం మాట అటుంచి, డేగలు కుప్పకూలిపోతున్నాయని తేలింది. 1963 నాటికి యుద్ధానికి ముందున్న సంఖ్యలో సగం కూడా మిగలలేదు. గూళ్లలో పగిలిన గుడ్లు కనబడేవి. రాట్‌క్లిఫ్ పాత గుడ్ల సేకరణలలోని పెంకులను కొత్తవాటితో పోల్చి, 1947 ప్రాంతం నుంచి పెంకు పలచబడిందని 1967లో ప్రకటించారు. పొలాలలో చల్లిన డీడీటీ లాంటి మందులు పక్షి ఒంట్లోకి చేరడం దానికి కారణమని తరువాత రుజువైంది. ఫిర్యాదును నమ్మి తుపాకి ఇచ్చి ఉంటే ఆ డేగలు పోయేవి. మనుషుల పొలాల్లో ఉన్న విషము సంగతీ అంత త్వరగా బయటపడేది కాదు. ఆ రాట్‌క్లిఫ్ గారే జీవితమంతా కాకోలముల గూళ్లను కూడా చూసి, 1997లో ఆ పక్షి మీద ఒక పెద్ద పుస్తకం రాశారు.

అంత అనుభవం ఉన్న దేశంలోనే 2018లో మరో మాట వినవలసి వచ్చింది. స్కాట్లాండులో పెర్త్‌షైర్‌లోని స్ట్రాత్‌బ్రాన్ అనే చోట కర్ల్యూ, లాప్‌వింగ్ అనే పక్షులు తగ్గిపోతున్నాయి. లాప్‌వింగ్ మన తీతువు పిట్టకు చుట్టం. నేల మీద గూడు పెట్టే ఆ పక్షుల గుడ్లు, పిల్లలు కాకోలాల నోట పడుతున్నాయని, కాకోలాలను తగ్గిస్తే ఫలితం ఎలా ఉంటుందో చూస్తామని అక్కడివాళ్లు అనుమతి అడిగారు. ప్రభుత్వ ప్రకృతి సంస్థ ఆ ఏడాది 69 కాకోలాల వరకు చంపడానికి అనుమతి ఇచ్చింది. గూళ్లు లెక్కపెట్టే స్వచ్ఛంద బృందాలు అభ్యంతరం చెప్పి, కోర్టుకు వెళ్లాయి. ఆ సంస్థ సొంత శాస్త్ర సలహా సంఘమే పరిశీలించి, ఈ పద్ధతిలో చంపితే ఏ విషయమూ శాస్త్రీయంగా తేలదని చెప్పింది. ఆ పని అక్కడితో ఆగింది. అనుమతి అడిగినవాళ్లు దుర్మార్గులని మేము అనడం లేదు. కర్ల్యూ తగ్గడం నిజమే, వాళ్ల బాధా నిజమే. కానీ బాధ ఉన్నంత మాత్రాన నేరస్థుడు ఎవరో తెలిసినట్టు కాదు.

ఇక్కడ కంటికి కనబడేదే మోసం చేసే సంగతి ఒకటుంది. కాకోలము పుట్టిన రెండు మూడేళ్ల దాకా గూడు పెట్టదు. ఆ వయసు పక్షులు గుంపులుగా తిరుగుతాయి. లోయలో అలాంటి గుంపు దిగితే, అబ్బో, ఎన్ని పెరిగిపోయాయో అనిపిస్తుంది. పైన కొండ మీద గూడు పెట్టే జతలు మాత్రం ఏళ్ల తరబడి అన్నే ఉండవచ్చు. పైగా స్థిరపడిన జత తన చోటికి పరాయి కాకోలాలను రానివ్వదు, తరిమికొడుతుంది. గుంపును చూసి జతను కాలిస్తే, కాపలా ఉన్న ఇంటి తలుపు తీసినట్టే అవుతుంది. కనుక గుంపు లెక్క వేరు, గూటి లెక్క వేరు. రెండూ తెలియనిదే తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు గొర్రెల కాపరి వైపు నిలబడి మాట్లాడాలి. మేము గ్రామాలలో సేవ చేసేవాళ్లము. మా సంఘాలలో మందలు కాసే కుటుంబాలు ఉన్నాయి. ఒక్క గొర్రెపిల్ల పోతే ఆ ఇంట్లో ఏం లోటు పడుతుందో మాకు తెలుసు. కాకోలము అమాయకమైన పక్షి అని మేము చెప్పము. బైబిలు కూడా అలా చెప్పదు. సామెతలు 30వ అధ్యాయములో, తల్లిదండ్రులను తృణీకరించే కన్నును లోయ కాకులు పీకుతాయని హెచ్చరిక ఉంది. ఆనాటి కాపరులకు ఆ ముక్కు సంగతి బాగా తెలుసన్నమాట. గూళ్లు చూసేవాళ్లు కూడా ఇదే నిజాయితీగా రాశారు. కాకోలము తినేది ఎక్కువగా అప్పటికే చచ్చిన గొర్రె మాంసము, ఈతలో పడిన మావి. అయితే బలహీనంగా పుట్టిన పిల్లను, ఈనలేక పడిపోయిన తల్లిని పొడిచి చంపిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే పక్షులన్నిటికీ రక్షణ ఇచ్చిన 1981 నాటి బ్రిటన్ చట్టంలో కూడా, మందకు నిజంగా పెద్ద నష్టం జరుగుతుంటే ప్రత్యేక అనుమతితో కాల్చే దారి ఉంచారు. ఆ దారి ఉండడం న్యాయమే.

మరి లెక్క తేలేదాకా కాపరి నష్టపోతూ ఉండాలా అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. ఈతల రోజుల్లో గొర్రెలను ఇంటి దగ్గరి కొట్టంలో గానీ కంచె లోపల గానీ ఉంచవచ్చు, చచ్చినవాటిని, మావిని వెంటనే తీసేయవచ్చు, మనిషి కాపలా ఉండవచ్చు. ఇవేవీ సులువు కాదు, మనిషి కావాలి, ఖర్చు కావాలి. ఆ ఖర్చును కాపరి ఒక్కడి నెత్తిన వేసి, పక్షిని కాపాడాలని పట్నంలో కూర్చొని చెప్పడం కూడా చూడకుండా ఇచ్చే తీర్పే. పక్షిని ప్రేమించేవాళ్లు కాపరి దొడ్డికి కూడా వెళ్లి చూడాలి. ఈ మాట మేము గట్టిగా చెబుతున్నాము.

ప్రియులారా, గూళ్లు చూసేవాళ్ల పద్ధతిలో మాకు బాగా నచ్చినవి ఇంకో మూడు ఉన్నాయి.

వాళ్లు దగ్గరికి పోయి చూడరు. టెలిస్కోపు పెట్టుకొని ఎదుటి వాలు మీద కూర్చుంటారు. చలి వానలో వెళ్లరు, ఎందుకంటే బెదిరి తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి, ఈకలు రాని పిల్లలు చచ్చిపోతాయి. పిల్లల కాళ్లకు రింగు వేయవలసి వస్తే శిక్షణ పొంది అనుమతి ఉన్నవాళ్లే తగిన వయసు చూసి వేస్తారు. కొండలెక్కే ఆటగాళ్ల సంఘాలు కూడా గూడు ఉన్న బండలను వసంతకాలంలో తామే వదిలేస్తాయి. చూసేవాడి ఆత్రం కంటే గూటిలోని ప్రాణము ముఖ్యం. పరామర్శ పేరుతో కష్టంలో ఉన్న ఇంటికి పదిమంది ఒకేసారి పోయి, ఫోటోలు తీసి, గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేసే అలవాటు మన సంఘాలలో ఉంది. దూరం పాటించడం కూడా ప్రేమేనని ఆ కొండ మీదివాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

రెండవది, ఒక గూడు ఖాళీగా ఉంటే జత పోయిందని వాళ్లు రాయరు. ఒక్కొక్క జతకు తన చోటులో రెండు మూడు బండల మీద పాత గూళ్లు ఉంటాయి. ఒక ఏడు ఇక్కడ పెడుతుంది, ఒక ఏడు అక్కడ. మిగతా బండలన్నీ తిరిగి చూసిన తరువాతే లేదని రాస్తారు. ఆదివారము ఒక సహోదరి కూర్చునే చోటు ఖాళీగా కనబడగానే విశ్వాసములో చల్లారిందని చెప్పుకోవడం ఎంత సులువు! ఆమె జ్వరంతో పడుకుందేమో, కూలికి పోయిందేమో, కూతురి కాన్పుకు పోయిందేమో. మిగతా బండలు చూశామా?

మూడవది, విఫలమైన గూడును కూడా రాస్తారు. గుడ్లు పోయాయి, పిల్లలు చచ్చాయి, ఈ ఏడు ఒక్కటీ ఎగరలేదు అని ఆ కాగితం మీద సిగ్గు లేకుండా ఉంటుంది. డేగల గూళ్లలో పగిలిన గుడ్లను ఎవరూ రాయకపోతే ఆ విషము సంగతి ఎలా తెలిసేది? మన ప్రాంతంలో సేవా నివేదికలు చూస్తే బాప్తిస్మముల లెక్క ఉంటుంది, కూటముల ఫోటోలు ఉంటాయి. వెళ్లిపోయినవారి లెక్క, మూతపడిన ప్రార్థన గృహము లెక్క ఉండదు. మంచి సంగతులు మాత్రమే రాసే పుస్తకము ఎవరికీ మేలు చేయదు. ఈ మాట పెద్దలకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పక తప్పదు.

చివరిగా మా అభిప్రాయము ఇది. కాకోలమును చంపవచ్చా, కూడదా అనే ప్రశ్నకు కొండ కింద కూర్చొని జవాబు చెప్పే హక్కు ఎవరికీ లేదు. తుపాకి పట్టినవాడికీ లేదు, పక్షి బొమ్మ ఉన్న జెండా పట్టినవాడికీ లేదు. ఫిర్యాదు వినాలి, తరువాత కొండ ఎక్కాలి, ఒక్క రోజు కాదు, ఫిబ్రవరి నుంచి మే దాకా చూడాలి, మళ్లీ వచ్చే ఏడు చూడాలి. ఆ తరువాత తీర్పు చెప్పాలి. మనుషుల విషయంలో కూడా ఇదే న్యాయము. సొదొమ మొర తన దగ్గరకు వచ్చినప్పుడు, సమస్తము ఎరిగిన దేవుడే, దిగిపోయి చూస్తానన్నట్టు ఆదికాండము 18వ అధ్యాయములో ఉంది. ఆయనే చూసి తీర్పు తీరిస్తే, చూడకుండా తీర్పు తీర్చే అధికారము మనకు ఎవరిచ్చారు?

ఈ వారము మీ నోట ఎవరి మీదనైనా ఒక మాట రాబోతుంటే, ఒక్క నిమిషము ఆగండి. వారి గుమ్మం దాకా ఒకసారి వెళ్లండి. బెదరగొట్టకుండా చూడండి, చూసినది చూసినట్టే చెప్పండి. అపవిత్రమని ప్రక్కన పెట్టిన పక్షితో తన ప్రవక్తకు ఆహారము పంపిన దేవుడు, మనము ప్రక్కన పెట్టినవారి చేత ఎవరికి ఏమి పంపుతున్నాడో ఎవరికి తెలుసు?

ప్రభువు మనకు చూచే కన్నులను, ఆగే నాలుకను దయచేయును గాక. కొండల్లో మందలు కాసేవారిని, ఆ కొండల మీద గూళ్లు పెట్టుకున్న ప్రాణులను ఆయన కాపాడును గాక. ఆమేన్.